చీటీ ఊడిన రెండు సీసాలు

నా చిన్నప్పుడు కోదాడలో మా ఇంట్లో ఉప్పు డబ్బాకు కూడా చీటీ ఉండేది. మా తాతయ్య హైదరాబాదులో రసాయన పరిశోధన చేసి, రిటైరయ్యాక ఇంటికొచ్చిన మనిషి. వచ్చిన వారంలోనే వంటింట్లో డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించాడు. మా నానమ్మకు చదువు రాదు. ఆ చీటీలు ఎవరి కోసమో ఆయనకే తెలియాలి. నా స్నానం నీళ్లలో థర్మామీటర్ ముంచి చూసేవాడు, నాకు జ్వరమొస్తే మాత్రం థర్మామీటర్‌ను కూడా నమ్మక గంటకోసారి నుదురు తాకి చూసేవాడు. అంత పిచ్చి నేనంటే.

ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఉండేది. జనం తమ బోరింగు నీళ్లను సీసాల్లో తెచ్చి తాతయ్యకు చూపించుకునేవారు. ఆయన ఆ నీళ్లలో ఎర్రటి మందు చుక్కలు వేసేవాడు. ఎరుపు నిలిస్తే తాగవచ్చు, పసుపుకు తిరిగితే వద్దు. సీసాలకు చీటీలు అంటించే పని నాది. దానికి నేను మహా గర్వపడేదాన్ని.

ఒకరోజు మిర్యాలగూడ దగ్గరి పల్లె నుంచి ఒకామె రెండు సీసాలు పట్టుకొచ్చింది. ఆమె పెద్ద కొడుకు కాళ్లు అప్పటికే వంకరపోయాయి. "ఉన్నయి రెండే బోరింగులు సారూ. ఒకటి బడి కాడిది, ఒకటి వాడ సివరది. సిన్న పిల్లకన్నా గట్ల కావద్దు. ఏ నీళ్లు తాపాల్నో చెప్పుండ్రి," అంది. ఆ మాట అంటూ ఆమె నా కాళ్ల వంక చూసింది.

బంక తేవడానికి బద్ధకించి, అన్నం మెతుకులతో చీటీలు అంటించాను. సీసాలు తడిగా ఉన్నాయి. నేను ఆడుకుని వచ్చేసరికి రెండు చీటీలూ ఊడి నేలమీద పడి ఉన్నాయి. ఏది ఏ సీసాదో గుర్తు లేదు. కాసేపు చూశాను. కుడివైపుది బడిదే అయి ఉంటుందనుకుని మళ్లీ అంటించేశాను.

సాయంత్రం తాతయ్య పరీక్ష చేశాడు. బడి బోరింగు నీళ్లే తాపమని ఆమెకు కార్డు రాశాడు. ఆ కార్డును పోస్టు డబ్బాలో వేసింది నేనే. అది లోపలికి జారిపోగానే డబ్బాలో చేయి పెట్టి చూశాను, అందలేదు.

ఆ తర్వాత వారం రోజులు నాకు అన్నం సయించలేదు. బడికి పోయే ప్రతి పిల్ల కాళ్లూ చూసేదాన్ని. సీసాలు తెచ్చినామె కూతుర్ని నేను చూడనైనా లేదు, అయినా ఆ పిల్ల నా తప్పు వల్ల చెడ్డ నీళ్లు తాగుతున్నట్టే కళ్లముందు కనిపించేది. తాతయ్య నుదురు తాకి, జ్వరం లేదే అని దిగులుపడ్డాడు. ఆ చేయి తగలగానే ఆగలేక అంతా చెప్పేశాను.

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపటికి లేచి చొక్కా వేసుకుని, మందు సీసా సంచిలో పెట్టి, నన్ను బస్సెక్కించాడు. హుజూర్‌నగర్‌లో బస్సు చాలాసేపు ఆగింది. ఎప్పుడూ అక్కడ నాకు పల్లీలు కొనిచ్చేవాడు. ఆ రోజు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. తిడితే బాగుండునని నాకు అనిపించింది.

పల్లెలో ఆమె ఇంటి ముందు పదిమంది పోగయ్యారు. "తప్పు నాది. చీటీలు సరిగ్గ చూసుకోకుండ రాసిన," అన్నాడు తాతయ్య. నా పేరెత్తలేదు. ఆమె ముఖం పాలిపోయింది. కార్డు వచ్చిన కాడి నుంచి బడి నీళ్లే తాపుతున్నానంది. ఏండ్ల తరబడి తాగితేనే కీడు గానీ కొద్దిరోజులకు ఏమీ కాదని ఆయన నచ్చజెప్పి, రెండు బోరింగుల నీళ్లూ కొట్టించి అరుగు మీదే పరీక్షకు కూర్చున్నాడు.

బడి నీళ్లలో ఎరుపు నిలిచింది. వాడ చివరివి పసుపుకు తిరిగాయి.

"తాతయ్యా, నేను కరెక్టే పెట్టిన!" అని అరుగు మీద ఎగిరాను. ఆయన నవ్వలేదు.

"పెట్టిన నాడు నీకు ఎరుకేనా బిడ్డా?" అన్నాడు.

నేను అరుగు దిగాను. ఇంటికొచ్చాక ఆయన పరీక్షలు రాసుకునే నోటుబుక్కు తీసి, మొదటి ఫలితం సరైనదే అయినా దానిమీద ఒక్క గీత కొట్టాడు, కింది అక్షరాలు కనబడేలా. పక్కన 'తెలియదు' అని రాశాడు.

పెద్దయ్యాక నేను సూర్యాపేటలో ఒక దవాఖానలో రక్తపరీక్షలు చేసేదాన్ని. తాతయ్య చివరిరోజులు అక్కడే గడిచాయి. ఒక ఉదయం ఆయన రక్తం తీసి, చీటీ అంటించబోతుంటే ఎవరో పిలిచారు. తిరిగొచ్చేసరికి ట్రేలో చీటీలేని గొట్టాలు రెండున్నాయి, ఒకటి ఇంకెవరిదో. ఎడమవైపుది ఆయనదే, దాదాపు ఖాయం. ఆయన చేతిలో నరం దొరకడానికి అంతకుముందు నాలుగుసార్లు పొడవాల్సి వచ్చింది, చేయంతా కమిలిపోయింది. చాలాసేపు ఆ గొట్టాల ముందు నిలబడి, రెండూ పారబోశాను.

"మళ్ల తియ్యాలె తాతయ్యా. ఏది నీదో నాకు తెల్వదు," అంటుంటే ఏడుపొచ్చింది. అప్పటికి ఆయన మాట పడిపోయింది. నా ముఖంలోకి చూసి, మెల్లగా పక్కకు తిరిగి, రెండో చేయి చాచాడు.

ఇప్పుడు నాకే మనవరాళ్లున్నారు. వాళ్లు అడిగినవాటిలో సగం నాకు తెలియవు. ఊహించి ఏదో ఒకటి చెప్పేద్దామని నాలుక చివరిదాకా వస్తుంది. అంతలో ఆ చాచిన చేయి కనబడుతుంది. తెలియదంటాను.