నవ్వాల్సిన చోట హారతి

తెల్లవారగానే అసిరయ్య సూర్యుడికి దండం పెట్టి, నీళ్ల బిందెకు ఫోను ఆనించి, చైనా కుంగ్‌ఫూ కామెడీ సినిమాలోంచి ఒక ఫైటు చూస్తాడు. తెలుగు డబ్బింగు. చూశాక వాకిట్లో ఆ ఫైటు తనే చేస్తాడు. గరివిడిలో ఫ్యాక్టరీ పని మానేసిన ఈ రెండేళ్లలో ఒక్క రోజూ తప్పలేదు.

భార్య గౌరికి ఇదంతా తలనొప్పి. ముక్కాలిపీట కాలు ఒకటి ఊడింది. బియ్యం చెరిగే చేటను డాలులా పట్టుకుని తిరిగితే దానికి చిల్లు పడింది. "యాభై ఏడేళ్లు నీకు, మావా. నడుం పట్టేస్తే నాను మొయ్యలేను," అని రోజూ అరుస్తుంది. అరుస్తూనే అతను పడే చోట రాళ్లు ఏరేసి పాత గోనెసంచి పరుస్తుంది.

"మన సినిమాల్లో హీరో వందమందిని కొట్టినా సొక్కా నలగదు. ఈ చైనావోణ్ణి సూడు, కొట్టినాక అబ్బా అని సెయ్యి ఇదిలించుకుంతాడు. నొప్పెట్టినోడే గదే మనిసి," అంటాడు అసిరయ్య.

"ఉన్న నొప్పులు సాలవా ఏటి నీకు?"

అసిరయ్యది కర్రసాము చేసే ఇల్లు. అమ్మవారి జాతర సంబరంలో కర్ర తిప్పడం తండ్రి నుంచి వచ్చిన సేవ. నిరుడు ఆ సాము మధ్యలో తాగుబోతులా తూలి, దబ్బున పడి, పడుతూనే కర్ర అందుకునే చైనా విద్య కలిపాడు. జనం పగలబడి నవ్వుతారనుకున్నాడు. ఒక్కరూ నవ్వలేదు. పూనకం వచ్చిందనుకున్నారు. డప్పులు జోరందుకున్నాయి. లక్ష్మణమ్మ అనే పెద్దామె చెంబెడు పసుపునీళ్లు కుమ్మరించి, హారతి పట్టి, "తల్లీ, మా కోడలి కడుపెప్పుడు పండుతాది?" అని కాళ్ల మీద పడింది.

"పిన్నీ, నాను అసిరయ్యని!"

"తల్లి ఇలాగే పరీచ్చ సేస్తాది," అంటూ ఆమె ఇంకో చెంబు పోసింది.

ఆ పసుపు మరకలు ఉతకలేక గౌరి చేతులు పడిపోయాయి. అమ్మవారిని ఎగతాళి చేసినట్టయిందేమోనని అతను వారం రోజులు సరిగా అన్నం తినకపోతే, విసుక్కుంటూ వెళ్లి గుళ్లో కొబ్బరికాయ కొట్టి వచ్చిందీ ఆమే.

ఈ ఏడు సంబరం రేపనగా ఊరి పెద్ద జగన్నాధం వాకిట్లోకి వచ్చాడు. "ఒరే అసిరీ, అమ్మోరి ముందర నవ్వించొచ్చు, తప్పులేదు. గానీ మళ్లీ పూనకమనుకున్నారంటే, వచ్చే ఏడు కర్ర మీ తమ్ముడి కొడుకు మోహనకృష్ణకి ఇచ్చేస్తాం. ఆడు తిన్నగా తిప్పుతాడు."

ఆయన వెళ్లగానే గౌరి అందుకుంది. "విన్నావు కదా? నువ్వూ తిన్నగా తిప్పు. ఆ పడ్డం మానీ."

అసిరయ్య కర్రకు కొస దాకా నూనె రాసి గోడకు ఆనించాడు. గౌరి వైపు తిరిగి అన్నాడు.

"అమ్మోరికి ఏడాదంతా ఏడుపులే ఇనిపిస్తాం. ఒక్కనాడు ఆ తల్లికీ నవ్వొద్దేటే? ఒక్క సాయం సెయ్యి, గౌరీ. రేపు ముందు వరసలో నిలబడు. నాను పడగానే, లక్ష్మణమ్మ పిన్ని సెంబు ఎత్తక ముందే, నువ్వు గట్టిగా నవ్వాల. పెళ్లామే నవ్వితే ఇంకెవులూ దండం పెట్టరు. ఇంట్లో లాగ తిట్టకు. నవ్వు."