కెమెరాకు కనపడనిది

మా మేనమామ పోయాడని మొన్న పొద్దున అత్త ఫోన్ చేసింది. రేపో మాపో వస్తుందని తెలిసిన కబురే. అయినా బడిలో పాఠం సగంలో ఆపి పిల్లలను బయటికి పంపేశాను.

రాయదుర్గంలో జీన్స్ బట్టలకు రంగులద్దే షెడ్డులో చాలా ఏళ్ళు పనిచేసి, తర్వాత రాప్తాడు దగ్గర సొంత చేను చూసుకున్న మనిషి. తడి బట్టను ఎండకు పట్టి చూసి గానీ రంగు కుదిరిందని ఒప్పుకునేవాడు కాదు. చింతపండు కొన్నా, పెళ్ళి సంబంధం చూసినా ఒకటే మాట: "కంటికి అగపడల్ల. అప్పుడే నమ్ముతా." నన్ను చదివించింది ఆయనే. నాకు పంతులు ఉద్యోగం వచ్చాక కూడా, ఒకరోజు వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటే గానీ నమ్మలేదు.

పోయినేడు ఎండాకాలం మూత్రం ఎర్రగా వస్తే ఒంటివేడి అన్నాడు. మా వైపు అందరూ అనే మాటే అది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాడు. ఎరుపు తగ్గింది. మళ్ళీ వచ్చినప్పుడు బలవంతంగా అనంతపురం తీసుకుపోయాను. మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ. లోపలికి గొట్టం పంపి గీకి తీసేశారు.

ఈ ఏడు వానలకు ముందు తనిఖీకి వెళ్తే, గొట్టంతో లోపలికి పంపిన కెమెరాలో ఏమీ కనపడలేదు. కానీ మూత్రంలో రాలిన కణాలకు చేసిన జన్యు పరీక్షలో తేడా కనిపించింది. గడ్డ కంటికి కనపడకముందే ఒక్కోసారి కణాల్లో ఆ గుర్తులు బయటపడతాయని, గడ్డ మళ్ళీ వచ్చి తీరుతుందని కాదు గానీ ప్రమాదం ఎక్కువని, త్వరగా మళ్ళీ రమ్మని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది.

"లేని గడ్డకు వైద్యమేందమ్మా?" అని మామ లేచాడు.

బస్టాండులో గొడవపడ్డాం. వానలు పడతాయని ఫోన్లో చూశాడట, శెనక్కాయ విత్తాలట. పడని వానను నమ్మేవాడివి దీన్నెందుకు నమ్మవని అడిగాను.

"మబ్బు అగపడతాండాది గదప్పా" అని పైకి చూపించాడు. నిజంగానే మబ్బు పట్టి ఉంది. నాకు ఏడుపొచ్చింది.

రమ్మన్న రోజు దాటిపోయింది. ఫోన్ చేస్తే ఒకసారి కలుపు అన్నాడు, ఒకసారి పురుగు మందు అన్నాడు. చివరికి ఎరుపు కనపడ్డాక తనే బస్సెక్కి ఆసుపత్రికి వచ్చాడు. అప్పటికే గడ్డ కండలోకి దిగి ఊపిరితిత్తులకు పాకింది. ఆ పరీక్ష చెప్పింది దీన్నేనా అని అడిగాడు. డాక్టరమ్మ తలూపింది. ఆమె ఒక్క మాట కూడా దెప్పలేదు, అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

వానలు బాగా కురిసి చేను మాత్రం విరగకాసింది. మా నేలలో అంత పంట చూసి ఎన్నేళ్ళయిందో. ఆఖరుసారి వెళ్ళినప్పుడు మంచం కళ్ళంలో వేయించుకుని పడుకుని ఉన్నాడు.

"రెండూ సెప్పినట్టే వచ్చినాయప్పా" అన్నాడు.

పక్క కుప్పలోంచి ఒక కాయ తీసి, ఒలిచే బలం లేక నా చేతిలో పెట్టాడు. ఒలిచి ఆయన నోటికి అందించబోతే తల అడ్డంగా ఊపి నన్నే తినమన్నాడు. ఆయన చూస్తుండగా నమిలాను. పచ్చిగింజ, తియ్యగా ఉంది.