అయిదో పంక్తికి అనుమతి

ఆ రోజుల్లో నాకు తెలిసిన సాహిత్యమంతా కీబోర్డు మీద రెండు పనుల్లో ఉండేది: కాపీ చేయడం, పేస్ట్ చేయడం. ఆ రెండింటి మధ్యలో మనిషి పేరు మార్చడం మర్చిపోకపోతే దాన్ని మా షాపులో పనితనం అనేవారు. (ఒకసారి మర్చిపోయాను. మాకవరపాలెం పెళ్ళికొడుకు పక్కన నక్కపల్లి పెళ్ళికూతురి పేరు కట్టలకొద్దీ కార్డుల మీద ఉండిపోయింది. ఇప్పుడు తల్చుకుంటే ఈడూ జోడూ బాగానే కుదిరేదనిపిస్తుంది.) నర్సీపట్నం బస్టాండు వెనక సందులో మా మావయ్యది కార్డులు ప్రింటు చేసే షాపు. ముందు వాటా షాపు, వెనక వాటా ఇల్లు, మధ్యలో ఒక గోడ, ఆ గోడకవతల మా అమ్మమ్మ, అంటే మావయ్యని కన్నతల్లి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వచ్చేదాకా కూర్చోమని నన్ను అక్కడి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఉద్యోగానికి మా సందు అడ్రసు దొరకలేదు గానీ, మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి గోడ అవతలి నుంచి అమ్మమ్మ కేక మాత్రం ఠంచనుగా వచ్చేది. "ఒరే, బువ్వ సల్లారిపోతంది. ఆ పెట్టి ఎక్కడికీ పారిపోదురా, బేగి రా." కంప్యూటర్ని ఆవిడ పెట్టె అనేది. పెళ్ళికార్డు ప్రూఫు చూసుకుంటున్న ఆడపిల్లలు ముసిముసిగా నవ్వేవారు. నా పరువు అక్కడికక్కడే పోయేది. ఈవిడ ఒక్కరోజు నోరు మూసుకుంటే బాగుండును కదా అనుకునేవాణ్ణి. (కొన్ని కోరికలు దేవుడు ఆలస్యంగా, మనం మర్చిపోయాక తీరుస్తాడు.)

కార్డుల మీద వేసే మాటల్ని మా వృత్తిలో 'మేటరు' అంటారు. మావయ్య కంప్యూటర్‌లో పెళ్ళికి పాతిక రకాల మేటర్లు, గృహప్రవేశానికి పది రకాలు ఉండేవి. పెద్దకర్మకి మాత్రం ఉన్నవెన్నయినా, పదింట తొమ్మిదిసార్లు ఒకటే వెళ్ళేది.

జీడితోట దాటి వచ్చే నీ కేక ఆగిపోయింది
పొద్దు నడినెత్తికి వచ్చినా ఆకలి తెలియడం లేదు
పిలిచే నోరు లేని ఇంటికి
తోవ తెలిసీ రాలేకున్నాను

మా చుట్టుపక్కల ఎవరు పోయినా ఇవే నాలుగు పంక్తులు. చెరుకు తప్ప ఇంకో పంట ఎరగని రైతు పోయినా ఇవే, బస్సు దిగని కండక్టరు పోయినా ఇవే. ఒక బ్యాంకు మేనేజరు గారు పోయినప్పుడు వాళ్ళబ్బాయి ఒక్కడే కాస్త నసిగాడు. "మా నాన్నగారికి జీడితోట లేదండి. అపార్ట్‌మెంట్ ఉంది" అన్నాడు. మావయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "జీడితోటంటే సంసారం అండి. జీడిపండుకి పిక్క లోపలుంటాదా, బయటుంటాదా? బయట. ఆత్మ కూడా అంతే, అంటుకునీ అంటుకోనట్టు ఏలాడతాది" అన్నాడు. ఆ అబ్బాయి కళ్ళు తుడుచుకుని, అనుకున్నదానికంటే ఇంకో వంద కార్డులు ఎక్కువ వేయమన్నాడు. నాకు ఆ రోజు అర్థమైంది, అర్థం కాని కవిత్వానికే గిరాకీ ఎక్కువని.

తరవాత ఒక వర్షాకాలం అమ్మమ్మ పోయింది. నాలుగో రోజున మావయ్య నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "మాయమ్మకి ఆ మేటరు ఒద్దురా. నోటుబుక్కుల్లో ఏటేటో రాస్తావు కదా. నాలుగు ముక్కలు నువ్వే రాయి" అన్నాడు. ఊళ్ళో ప్రతి చావు కార్డు మీదా ఒక జోకు వేసిన నోరు నాది. ఆ రోజు తెర మీద కర్సరు కొట్టుకుంటూ ఉంది, నేను దాన్ని చూస్తూ ఉన్నాను. ఒంటిగంట అయింది. ఎవరూ పిలవలేదు. రెండు దాకా కూర్చుని, చివరికి నాకు తెలిసిన సాహిత్యమే చేశాను: కాపీ, పేస్ట్. మావయ్య ప్రూఫు చూశాడు. పేరు మారిందో లేదో మాత్రం రెండుసార్లు చూసుకున్నాడు.

ఇంకో రెండేళ్ళకి, ఆ నోటుబుక్కుల్లో రాసుకున్న షాపు కబుర్లని పుస్తకంగా వేస్తామని విశాఖపట్నం నుంచి ఒక చిన్న ప్రచురణ సంస్థ ఒప్పుకుంది. పుస్తకం అమ్మమ్మకి అంకితం. అంకితం పేజీలో ఏం రాయాలో అప్పటికీ తెలియలేదు కాబట్టి ఆ నాలుగు పంక్తులే పెట్టాను. వారం తిరక్కుండా ఎడిటర్ మేడమ్ ఫోన్ చేశారు.

"ఈ నాలుగు పంక్తులు ఎవరివండీ?"

"ఎవరివీ కావండి. మా ఊళ్ళో అందరివీ."

"ముందు ఎవరో ఒకరు రాసుంటారు కదా. ఆయన్ని అడిగారా?"

"ఎవరో తెలియదండి. రాసినవారికి కృతజ్ఞతలు అని కింద చిన్నక్షరాలతో వేసేద్దాం."

"కృతజ్ఞత వేరు, అనుమతి వేరు. ఒకరి చెప్పులు వేసుకుపోయి థాంక్స్ చెబితే ఊరుకుంటారా?"

"కొంచెం వాడుకుంటే పర్లేదంటారు కదండీ."

"అసలు ఉన్నవే నాలుగు. మీరు నాలుగూ వాడారు. దీన్ని కొంచెం అనరు."

ఇంకా చాలా చెప్పారావిడ. రాసిన మాట మీద హక్కు ఆ మనిషి బతికున్నంతకాలం, పోయాక మరో అరవై ఏళ్ళు ఉంటుందట. ఆయన లేకపోతే వారసుల్ని అడగాలట. 'అనుమతి పత్రం' అని ఒక ఫారం పంపించి, సంతకం తెమ్మన్నారు, లేదంటే ఆ పేజీ తీసేసి ఈ నెలలోనే ప్రెస్సుకి పంపేద్దామన్నారు. తీసేయడం తేలికే. కానీ తీసేస్తే అమ్మమ్మకి రెండోసారి కూడా నా చేత్తో ఏమీ ఇవ్వనట్టు. అప్పటికి నా దగ్గరున్నవి ఆ అరువు మాటలే.

"మేటరికి అనుమతేట్రా?" అన్నాడు మావయ్య. "రేప్పొద్దున్న గాలి పీల్చడానికి కూడా కాయితం రాయించుకుంటావేటి? అయినా అది నాది కాదు, నక్కపల్లి షాపోడి దగ్గర తెచ్చేను." మావయ్య బండి తీసుకుని నక్కపల్లి వెళ్ళాను. వాళ్ళ దగ్గరా ఉంది, కాకపోతే సముద్రానికి దగ్గరని జీడితోటని కొబ్బరితోట చేసుకున్నారు. (ఆత్మ అక్కడ ఎలా వేలాడుతుందో వాళ్ళు పట్టించుకోలేదు.) ఎక్కడిదంటే మాకవరపాలెం షాపుది అన్నారు. మాకవరపాలెం వెళ్ళాను. ఆ షాపాయన కూల్‌డ్రింకు తెప్పించి, నేను తాగేదాకా ఆగి, "మీ మావయ్యగారి దగ్గర్దే కదండీ" అన్నాడు. అలా మూడు మండలాలు తిరిగి, పెట్రోలు కాల్చుకుని, బయల్దేరిన గుమ్మంలోనే దిగాను. జీడితోటని కొబ్బరితోట చేశారని విని మావయ్య నక్కపల్లివాళ్ళని తిట్టిపోశాడు.

షాపు అటక మీద ఇనప తీగలు ఉండేవి. ప్రింటు చేసిన ప్రతి కార్డులోనూ ఒకటి, పార్టీ రాసిచ్చిన కాగితంతో సహా ఆ తీగకి గుచ్చి దాచడం మావయ్య అలవాటు (రేపు ఎవరైనా 'మేం అలా రాయలేదు' అంటే మొహాన చూపించడానికి). మూడు రోజులు తుమ్ముకుంటూ వెతికితే, అన్నిటికంటే పాత తీగకి, అంచులు పసుపుపచ్చ బారిన కార్డు ఒకటి దొరికింది. కోటవురట్ల దగ్గర ఒక పల్లె. పోయినావిడ పేరు, కింద ఆవిడ భర్త పేరు, మధ్యలో మన నాలుగు పంక్తులు. వెనక గుచ్చిన కాగితంలో మాత్రం, గుండ్రటి చేతిరాతతో, పంక్తులు అయిదు ఉన్నాయి. అయిదోదాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశారు. మా షాపులో ఎర్ర పెన్ను పట్టే చెయ్యి ఒకటే.

మావయ్య ఆ కాగితాన్ని వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. "పెద్దకర్మ కార్డు మీద కూరేటని కొట్టీసుంటాన్రా. ఇరవై ఏళ్ళ పైమాట" అన్నాడు.

"ఆయన్ని అడిగావా?"

"అడగడమేటి, ప్రూఫు సూపించేను. ఆయనేటీ అన్లేదు." కాగితం నా చేతికిచ్చేస్తూ, "భార్య పోయినోడు ఏటంటాడు" అన్నాడు. అప్పటికి నక్కపల్లివాళ్ళని తిట్టడం మానేశాడు.

ఆ పల్లెకి వెళ్ళేసరికి పదకొండు దాటింది. ఎండాకాలం. రాలిన జీడిపళ్ళ పులిసిన వాసన తోవంతా ఉంది. కార్డు మీది పేరు చెప్పి అడిగితే ఒక తోట చూపించారు. అక్కడ చెట్టు కింద గోనె పరుచుకుని ఒక పెద్దాయన పళ్ళ నుంచి పిక్కలు తిప్పి తీస్తున్నాడు.

"ఎవలు బాబూ? పిక్కలు కొనడానికొచ్చేవా?"

"కాదండి తాతగారు. మీ కవిత కోసం వచ్చాను."

ఆయన నన్ను, నా బండిని, ఎండని మార్చి మార్చి చూశాడు. నేను దార్లో బట్టీపట్టిన ఉపన్యాసం అప్పజెప్పాను: హక్కులు, అరవై ఏళ్ళు, ఎడిటర్ మేడమ్, అన్నీ. ఆయన చేతులు తుడుచుకుని ఫారం అందుకుని, మొదటినుంచి చివరిదాకా పెదాలు కదుపుతూ చదివాడు.

"ఇందులో రచయిత అనుంది. నాను రచయితని కాదు బాబూ, రైతుని."

"నాలుగు పంక్తులు రాసినా రచయితేనండి."

"అయిదు" అన్నాడాయన.

నేను ఒప్పుకున్నాను. ఆయన లేచి ఇంట్లోకి వెళ్ళి, నవారుతో కట్టిన కార్డుల కట్ట పట్టుకొచ్చాడు. అన్నీ పెద్దకర్మ కార్డులే. "సుట్టాలవీ, ఊరోళ్ళవీ. ఎవలు పోయినా కార్డొస్తాది. ఇప్పితే అందులో మాయావిడ కేకుంటాది" అన్నాడు.

"మరి ఎవర్నీ అడగలేదా తాతగారు, నా మాటలు ఎందుకేశారని?"

"ఏటని అడుగుతాను? ఆళ్ళింట్లో ఆళ్ళు ఏడుస్తన్నారు." కట్ట సర్దుకుంటూ అన్నాడు, "ఒకటే బాధ. ఉప్పు తీసీసేరు. అసలుది అదే. పైనున్న నాలుగూ దానికోసం రాసేను."

కొట్టేసిన ఆ అయిదో పంక్తి ఇది: కూరలో ఉప్పెక్కువైతే ఇక ఎవరితో దెబ్బలాడను.

"ఆ మెరకనుంచి కేకేసీది అన్నానికి రమ్మని" అని తోట అవతల గట్టు చూపించాడు. (సంసారం కాదు, ఆత్మ కాదు, నిజం జీడితోట, నిజం గట్టు.) "రోజూ ఉప్పెక్కువేసీది. రోజూ దెబ్బలాడీవోణ్ణి. ఇప్పుడు మా పిల్ల సూసి ఏస్తాది. సరిపోతాది. ఏటీ అన్డానికుండదు."

ఆ క్షణానికి నా దగ్గర జోకు లేదు. ఉన్నా అది కూడా ఎవరిదో అయ్యుండేది.

"ఇంతకీ నువ్వెవలికేసేవు దీన్ని?" అన్నాడు. అమ్మమ్మకి అన్నాను. కార్డు మీద ఒకసారి వేశాననీ, ఇప్పుడు పుస్తకంలోనూ వేస్తున్నాననీ చెప్పాను.

"మీయమ్మమ్మకి తోటుందా?"

"లేదండి. గోడ ఉంది."

"గోడవతల్నించి ఏటని పిలిసీది?"

చెప్పాను. మామూలుగా చెబుదామనుకున్నాను గానీ ఆ మాటలు ఆవిడ గొంతు లేకుండా రావడం లేదు. "ఒరే, బువ్వ సల్లారిపోతంది. ఆ పెట్టి ఎక్కడికీ పారిపోదురా, బేగి రా." తోటలో అది నేను అనుకున్నదానికంటే గట్టిగా వినబడింది. పెద్దాయన నవ్వడం మొదలెట్టి, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"అది బాగుంది కదా" అన్నాడు. "ఇంటి కాడ అంత మంచిది పెట్టుకుని, నా తోటలోకొచ్చి ఏడుస్తావేటి బాబూ?"

అయినా సంతకం పెట్టాడు. ఫారం కింద 'షరతులు' అన్న చోట అదే గుండ్రటి చేతిరాతతో రాశాడు: అయిదో పంక్తి కొట్టివేయరాదు. తరవాత తినకుండా కదలనివ్వలేదు. వాళ్ళమ్మాయి వడ్డించింది. కూరలో ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఇద్దరం ఏమీ అనుకోకుండా తిన్నాం.

ఆ అయిదు పంక్తులూ పుస్తకం లోపల, ఆయన పేరుతో, ఆయన అనుమతితో, జీడితోట కథ చెప్పినచోట వచ్చాయి. అంకితం పేజీలో అమ్మమ్మ కేక ఒక్కటే ఉంది. ఎడిటర్ మేడమ్ అది చూసి, "ఇదెవరిది?" అని అడిగారు. ఆవిడ నవ్వుతూ అడిగారు గానీ, నేను అప్పటికే అనుమతుల విషయంలో బుద్ధి తెచ్చుకున్నవాణ్ణి. ఇంకో ఫారం ప్రింటు తీసి, వారసుల గడి ముందు మావయ్యని కూర్చోబెట్టాను. గాలికి కాగితం ఎందుకన్న మనిషి దాన్ని మూడుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది రాసిచ్చీస్తే మాయమ్మ కేక నీదైపోద్దేట్రా?"

"అవదు మావయ్యా. వాడుకోడానికి మాత్రమే. ఆవిడదే ఉంటుంది. అరవై ఏళ్ళు."

"అరవయ్యేనా" అన్నాడు మావయ్య.

ఇప్పుడు నాకు ముప్ఫై దాటాయి. మాటలు అరువు తెచ్చుకోవాల్సి వస్తే అడిగి తెచ్చుకుంటున్నాను. ఎవరిదని అడిగితే చెప్పగలుగుతున్నాను. ఆ షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని, పెళ్ళికార్డు పిల్లల ముందు పరువు పోయిందని చెవులు ఎర్రబడే ఆ కుర్రాడు ఒక్కసారి కనబడితే బాగుండును. హక్కుల గురించీ, చట్టం గురించీ వాడికేమీ చెప్పను, ఎలాగూ వినడు. గోడ అవతల్నుంచి కేక వచ్చినప్పుడు వెంటనే లేవొద్దని మాత్రం చెబుతాను. వినబడనట్టు కాసేపు కూర్చుంటే, ఆవిడ ఇంకోసారి పిలుస్తుంది.