విరిగిన పక్క

చింతామణి ఊరి బజారులో మాకు కిరాణా అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక మేముండే ఇల్లు. అంగడి ముందు వరసలో బిస్కెట్ల ప్యాకెట్లూ, గాజు సీసాల నిండా విడి బిస్కెట్లూ ఉండేవి కానీ మా ఇంట్లోకి నిండు బిస్కెట్టు వచ్చిన గుర్తు నాకు లేదు. విడివి చిక్కబళ్ళాపురంలో ఒక బేకరీ నుంచి రేకు డబ్బాల్లో బస్సు మీద వచ్చేవి. దారిలోని గుంతలన్నీ దాటి మా అంగడి చేరేసరికి డబ్బా అడుగున ఉన్నవి ముక్కలయ్యేవి. మంచివి సీసాల్లోకి, ముక్కలు ఇంట్లోకి. ఆ ముక్కలకు మా ఇంట్లో పేరు నుగ్గు. ఉప్పువీ, కొబ్బరివీ, వెన్నవీ అన్నీ కలిసిపోయిన ఆ నుగ్గే మాకు పొద్దుటి కాఫీలోకి, సాయంత్రం ఆకలికి, జ్వరం వస్తే పథ్యానికి. ఇది పిసినారితనం కాదనీ, వ్యాపారం చేసే ఇళ్ళల్లో పద్ధతి అనీ నాన్న అనేవాడు. ఆ రెండింటికీ ఉన్న తేడా ఆయనకు బాగా తెలుసు. నాకు ఇప్పటికీ తెలియదు.

చుట్టాలు వచ్చినా అమ్మ ఆ ముక్కలే పెట్టేది. అయితే అందులో ఆమె పనితనం ఉండేది. ముప్పాతిక వంతు మిగిలినవాటిని ఏరి, విరిగిన పక్క లోపలికీ గుండ్రటి పక్క బయటికీ వచ్చేట్టు పళ్ళెం చుట్టూ పేర్చి, నడుమ విరిగిన అంచులు కనబడకుండా కారాబూందీ పోసేది. చూసినవాళ్ళకు నిండు పళ్ళెమే. ఆమె చేతులు అలా కదులుతుంటే చూడబుద్ధయ్యేది. చిరాకూ వేసేది.

అమ్మ పుట్టిల్లు బాగేపల్లి. ఆమె అక్కను చిక్కబళ్ళాపురంలో తాలూకాఫీసు ఉద్యోగం చేసే ఆయనకు ఇచ్చారు. ఒక ఎండాకాలం ఆ పెద్దమ్మ తన అత్తగారినీ, ఆడబిడ్డ పిల్లలనూ వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్లల్లో ఒకతె పళ్ళెంలోంచి బిస్కెట్టు తీసి, తిప్పి చూసి, "దీన్ని ఎవురో కొరికినారు" అంది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వి, లోపలికి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు.

అది అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు. పెద్దమ్మ ఆగనివ్వలేదు. పెళ్ళిలో కనబడినా, నామకరణంలో కనబడినా, "మా చెల్లెలింట్లో బిస్కెట్లు కొరికి పెడతారు" అని పదిమందిలో ఆ కథ ఎత్తుకునేది. ఆమెది చెడ్డ బుద్ధి కాదు. నవ్వించే కథ ఒకటి చేతికి దొరికితే వదలలేని మనిషి, అంతే. ప్రతిసారీ అమ్మ అందరితో పాటు నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నేను డిగ్రీ మొదటి ఏడు చదువుతుండగా పెద్దమ్మ ఫోను చేసింది. అత్తగారితో సహా అందరూ మా ఊరి దగ్గరి కైవారం గుడికి వస్తున్నారట, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనేనట. ఫోను పెట్టేసి అమ్మ నాతో ఒక్క మాట అంది.

"ఈతూరి వాళ్ళు ఆ మాట అనకుండా తినిపోవల్ల."

దానికి ఆమె ఎంచుకున్నది ఒక పుడ్డింగు. కన్నడ టీవీలో మధ్యాహ్నం వచ్చే వంటల కార్యక్రమంలో చూసింది. కస్టర్డు కాచి, అరటిపండు, ద్రాక్ష వేసి చల్లబరిచి, తినే ముందు పైన బిస్కెట్టు పొడి చల్లాలి. మెత్తటి పొడి పనికిరాదు. ఆ టీవీ ఆవిడ చెప్పినట్టు తరితరిగా, బొంబాయి రవ్వ కంటే కాస్త పెద్ద పలుకుగా, అంతా ఒకే తీరుగా ఉండాలి. ఫ్రిజ్జు మా ఇంటికి కొత్తగా వచ్చింది. అప్పటిదాకా అందులో నీళ్ళ సీసాలూ దోసెపిండీ తప్ప ఏమీ ఉండేవి కావు.

బిస్కెట్టు పొడి అన్న మాట చెవిన పడగానే నాన్న ముఖం వెలిగింది. నుగ్గు డబ్బా మోసుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

"ఇది నాకొద్దు. ముందర వరసలో ఉండే ప్యాకెట్టు ఒకటి ఇయ్యండి," అంది అమ్మ.

"ఎట్లాగూ పగలగొట్టేదే కదా. పగిలిండేవి ఇన్ని ఉండంగా మంచివి పగలగొట్టేది ఏంటికి?"

"పగిలిండేవి పెట్టి పెట్టి నాకు సాలైపోయింది. ఈతూరి మంచివి నా చేత్తో పగలగొడతా."

న్యాయం చెప్పమన్నట్టు నాన్న నా వైపు చూశాడు. నిజానికి మాట ఆయనదే సరి. డబ్బాలోంచి వెన్న బిస్కెట్ల ముక్కలు ఏరి పొడి చేస్తే ఏ నాలుకా తేడా పట్టలేదు. ఆ సంగతి అమ్మకూ తెలుసు. కాసేపటికి నాన్న వెన్న బిస్కెట్ల ప్యాకెట్టు తెచ్చి, గట్టు మీద పెట్టి, అంగట్లోకి వెళ్ళాడు. సొంత అంగట్లో ప్యాకెట్టు చించడమంటే ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్టే.

మిక్సీలో వేద్దామని సలహా ఇచ్చింది నేను. వేసిన నాలుగు బిస్కెట్లూ ఒక్క తిప్పుకే పిండయ్యాయి. పైగా ఆ గిన్నెకు ఎంత కడిగినా పోని సాంబారు పొడి వాసన. ఆ పిండి సాయంత్రం నాన్న కాఫీలోకి పోయింది, మా ఇంట్లో ఏదీ పారెయ్యరు గనక. అమ్మ నన్ను పక్కకు జరగమని, జీడిపప్పు కట్టే దళసరి కవరు ఒకటి కొత్తది తీసుకుంది. అందులో కొద్దిగా బిస్కెట్లు వేసి, గాలంతా వత్తి తీసేసి, మూతి మడిచి కిందికి పెట్టింది. గాలి ఉంటే కవరు పగిలి పొడి ఇల్లంతా చిమ్ముతుంది. కింద తువ్వాలు నాలుగు మడతలు వేసి, దాని మీద కవరు పరిచి, చపాతీ కర్ర అందుకుంది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కర్రను ఆనించి బరువు మోపింది. లోపల టప్పున విరిగిన చప్పుడు సన్నగా వినబడింది. అప్పుడు మెల్లగా నడుమ నుంచి అంచులకు దొర్లించింది. కవరు పైనుంచే వేళ్ళతో తడిమి, పెద్ద పలుకు తగిలిన చోట మళ్ళీ కర్ర ఆనించింది. తర్వాత జల్లెడ పట్టి, మెత్తటిది వేరుచేసి, పలుకులు మాత్రం గట్టి మూత డబ్బాలో పోసింది. కళ్ళు పైకెత్తకుండా చేసింది ఇదంతా. ఆమె అంత సంతోషంగా ఏ పనైనా చేస్తుండగా నేను అంతకు ముందు చూడలేదు.

వాళ్ళు వచ్చారు. భోజనాలయ్యాయి. అమ్మ గాజు కప్పులు తెచ్చి అందరి ముందూ పెట్టి, అప్పటికప్పుడు పైన పొడి చల్లింది. చూడ్డానికి చాలా బాగుంది. పెద్దమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, నమిలి, తల ఆడించింది.

"ఏమే, అంగట్లో నుగ్గంతా దీంట్లోకి వేసినావా? మంచి ఉపాయమే. ఈతూరి కొరికిండేది కూడా తెలీదు."

అందరూ నవ్వారు. అమ్మ చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. అలవాటుగా నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. నాకు ఏడుపొచ్చింది.

"నుగ్గు కాదు వదినా," అన్నాడు నాన్న. ఆయన గడప దగ్గర నిలబడి కప్పు పట్టుకుని ఉన్నాడు. "కొత్త ప్యాకెట్టు. నేనే తెచ్చిస్తిని. ఆమె కూర్చోని పగలగొట్టె."

"మంచివి పగలగొడతారా ఎవురన్నా? దుడ్లు ఎక్కువయినాయాప్పా మీకు?"

రెండు రోజుల ముందు నాన్న అన్నదీ అదే.

"ఎక్కువయినాయిలే అక్కా," అంది అమ్మ. "నీకు ఇంకొంచెం వేసేదా?"

పెద్దమ్మ అత్తగారు తన కప్పు ముందుకు జరిపింది. "నాకు వెయ్యమ్మా. పైనిది బాగుండాది." అమ్మ ఆమెకు డబ్బాలోది ధారాళంగా చల్లింది. పెద్దమ్మ తన కప్పులోది అడుగుదాకా తింది. ఆ పూట నాన్న మీద నాకు కలిగినంత ప్రేమ మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

సాయంత్రం వాళ్ళను బస్సెక్కించి వచ్చాక అమ్మ కాఫీ కలిపింది. ప్యాకెట్టులో ఇంకా కొన్ని బిస్కెట్లు మిగిలి ఉన్నాయి. వాటిని పేర్చడానికి పళ్ళెం తీసింది. ఒకటి చేతిలోకి తీసుకుని, బొటనవేలితో అంచు తడుముతూ తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"ఇదేంది, యా పక్క లోపలికి పెట్టేది?"

"యా పక్కైనా పెట్టు," అన్నాడు నాన్న.