కొర్రలు దొరకని రోజుల్లో ఫించ్ జంట

1988 ఆగస్టు. రంగూన్‌లోని లత పేటలో మా నాన్న పెట్టిన పిట్టల మేత దుకాణాన్ని అప్పటికి కొన్నేళ్ళుగా నేనే నడుపుతున్నాను. ఏకపార్టీ పాలన పోవాలని ఊరంతా సమ్మెలో ఉంది. బస్సులు లేవు. పై బర్మా నుంచి రైళ్ళు లేవు, రైళ్ళు రాకపోతే నాకు కొర్రలు లేవు. ఓడల మీద పనిచేసేవాళ్ళు ఎప్పుడైనా తెచ్చిపెట్టే విదేశీ ‘మిక్స్’, అంటే రకరకాల చిన్న గింజల కలగలుపు మేత, దాని సంగతి ఇక చెప్పనక్కర్లేదు. షట్టర్ సగం దించి, వీధి చివర నినాదాలు వింటూ, ఖాళీ డబ్బాలు తుడుచుకుంటూ కూర్చునేదాన్ని.

అలాంటి ఒక ఉదయం గవరయ్య మావ వచ్చాడు. చుట్టమేమీ కాదు. బోటాటౌంగ్ రేవులో క్రేన్ నడిపి రిటైరై, ఆ పేటలోనే ఉంటున్న మనిషి, నాన్న నాటి నుంచీ మా దగ్గరే మేత కొంటాడు. ఊరేగింపు ఎదురైన చోటల్లా సందుల్లోకి తప్పుకుంటూ, పాత లుంగీ కప్పిన పంజరం పట్టుకుని అంత దూరమూ నడిచే వచ్చాడు. లుంగీ తీస్తే లోపల జీబ్రా ఫించ్ జంట, పిచ్చుక కన్నా చిన్న పెంపుడు పిట్టలు. మగది కొయ్య మీద కంగారుగా గెంతుతోంది. ఆడది ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసి, పంజరం అడుగున కూర్చుంది.

“నిన్నట్నించీ ఇలాగే ఉందమ్మీ. గింజ ముట్టడం నేదు. ఇది పోతే మీ అత్తకి ఏ మొకం సూపించను?” అన్నాడు.

వానలో మెట్ల మీద జారి నూకాలమ్మ అత్త కాలు విరగ్గొట్టుకుంది. పిండికట్టుతో మేడ మీద కిటికీ పక్కన మంచానికి అతుక్కుపోయింది. సమ్మె మొదలయ్యాక పలకరించడానికి వచ్చేవాళ్ళూ లేరు. బొమ్మ బాకా ఊదినట్టు రోజంతా కూసే ఈ జంటే ఆవిడకు కాలక్షేపం.

పిట్ట పొట్ట కింద వేలు ఆనిస్తే గట్టిగా తగిలింది. మా పనిలో దీన్ని ‘ఎగ్ బైండింగ్’ అంటాం. గుడ్డు బయటికి రాక లోపలే ఇరుక్కుపోవడం. అంత చిన్న ప్రాణి ఎక్కువసేపు తట్టుకోలేదు. సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, అట్టపెట్టెలో దాని పక్కన పిట్టను ఉంచాను. కటిల్ బోన్, అంటే ఒక సముద్ర జీవి లోపల ఉండే తెల్లటి గుల్ల ఎముక, దాన్ని మెత్తగా నూరి నీళ్ళలో కలిపి ముక్కు చివర ఒక్కో చుక్కా ఆనించాను.

“ఏటి పెడతన్నావు మావా దీనికి?”

“నీ కాడ కొన్న కొర్రలే. గింజలు తినే పిట్టకి గింజలు కాక ఏటి పెడతారు?”

ఒట్టి గింజల్లో సున్నం చాలదని, గుడ్డు పెంకు కోసం ఆడపిట్ట తన ఎముకల్లోంచే తీసి ఇస్తుందని చెప్పాను. మావ తల దించుకుని పెట్టెనే చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక లోపల చిన్న కదలిక వినిపించింది. మూత తీస్తే పెంకు సరిగా కట్టని తోలుగుడ్డు ఒకటి పడి ఉంది, పిట్ట లేచి నిలబడింది. మావ మొహం తుడుచుకుని టీ ఉందా అని అడిగాడు.

దుకాణంలో కొర్రలు నిండుకోవస్తున్నాయి. ఉన్నవాటిలో కొన్ని పొడిగానే ఇచ్చి, కొన్ని మొలకెత్తించి పెట్టమన్నాను. వానాకాలం కదా, రేవు గట్టున ఎక్కడ చూసినా గడ్డి పచ్చి కంకులు వేసి ఉంది. అవి కోసి బాగా కడిగి వేలాడదీయమన్నాను. పెంకుతో సహా చిదిపిన ఉడికించిన కోడిగుడ్డు, దాన్నే మేం ‘సాఫ్ట్ ఫుడ్’ అంటాం, రోజూ కొంచెం. పాచిపోకముందే తీసేయాలి. ఇక బర్మావాళ్ళు కజూన్ అనే తూటికూర ఎలాగూ ప్రతి సందులో దొరుకుతుంది.

కొన్నాళ్ళకు మరో కటిల్ బోన్ పట్టుకుని బోటాటౌంగ్ వెళ్ళాను. పిట్టలు కంకులు తింటున్నాయట గానీ, కూర మాత్రం ముట్టడం లేదట. అత్త అప్పటికే మంచం మీద నుంచి కనిపెట్టేసింది, ఎవరేం తింటున్నా మగపిట్ట చువ్వల దగ్గరికొచ్చి తొంగి చూస్తుందని.

“దాని సూపంతా మన నోటి మీదే. ముందల నువ్వు తిను,” అంది మావతో.

చిక్కేమిటంటే, ఎండుచేపా అన్నమూ తప్ప ఆకుకూర అనేది మావ జన్మలో ముట్టలేదు. పెళ్ళయిన నాటి నుంచీ అత్త పోరు అదే. చివరికి మావ పంజరం ముందు కూర్చుని, కషాయం మింగేవాడిలా మొహం పెట్టి, పచ్చి కజూన్ ఆకు నమిలాడు. పిట్ట తల వంచి చూసింది. రెండో ఆకు నమిలాడు. మూడో ఆకుకి పిట్ట కిందికి దిగి తన ఆకును పొడిచింది. కట్టు కదులుతుందని మంచం అంచు పట్టుకుని మరీ నవ్వింది అత్త.

సెప్టెంబరులో సైన్యం వీధుల్లోకొచ్చింది. కాల్పులు, కర్ఫ్యూ. దుకాణం పూర్తిగా మూసేశాను. వాళ్ళిద్దరూ ఎలా ఉన్నారో అని దిగులుగా ఉండేది. పగటిపూట తిరగనివ్వగానే వెళ్ళాను. కర్ర పట్టుకుని తలుపు తీసింది అత్తే. గూట్లో పిల్లలున్నాయి, మాట్లాడకుండా రమ్మంది. ఇంకా ఈకలు సరిగా రాని పిల్లలు నోళ్ళు తెరిచి అరుస్తుంటే, తల్లి గుడ్డుముద్ద మోసుకెళ్ళి పెడుతోంది. మావ కంచంలో తూటికూర వేపుడు కనిపించింది. ఎవరూ బలవంతం చేయలేదట.

రైళ్ళు మళ్ళీ తిరిగాక కొర్రల బస్తాలు వచ్చాయి. కడుపునిండా గింజలే తిన్నప్పుడు ఆ ఆడపిట్ట చావు దాకా వెళ్ళింది, గింజలు కరువైనప్పుడు పిల్లల్ని పెట్టింది. ఆ తర్వాత మేత కోసం ఎవరొచ్చినా నేను సంచి విప్పే ముందు ఒక మాట అడగడం అలవాటు చేసుకున్నాను: నా దగ్గర కొనేది కాక, మీ పిట్ట ఇంకేం తింటుంది?