జగన్నాధం మావ గడులు

"పులుసులో ఉప్పు లేకపోతే ఇంత ఉప్పేసుకోవాల గానీ, గోడ మీద బొమ్మ గీస్తారేటండీ!"

"ఉండవే, ఇంకా రెండు గడులే. ఉప్పుజాడీ అటక మీదున్నాది. నువ్వు పీట కోసం ఎల్లావు. అప్పుడే పక్కింటి లక్ష్మణమ్మ పిలిసినాది. బాణం ఇలాగ తిరిగిపోనాది..."

"నా వంటకీ బాణాలేనా!"

సుభద్రమ్మత్త గరిటె ఎత్తింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

జగన్నాధం మావకున్న పిచ్చి ఇదొక్కటే. ఏది చెడినా జేబులోంచి సుద్దముక్క తీసి గడులు గీస్తాడు, బాణాలతో కలుపుతాడు. యంత్రానికో గడి, మనిషి కంటికో గడి, నిద్రకో గడి, ఆకలికో గడి. సైకిలు మీంచి పడ్డా ముందు బొమ్మ, తరవాతే టింక్చరు. అరసవల్లిలో చెప్పులు పోతే గుడి బయట నేల మీదే గీశాడు. జనం ముగ్గనుకుని తొక్కకుండా తప్పుకుని నడిచారు.

నేను కాలేజీ మానేసినప్పుడు మా నాన్న తిట్టాడు, మావ గీశాడు. పదకొండు గడులు. 'మొద్దు' అనే గడి ఎక్కడుందా అని వెతికాను. లేదు.

"మర్సిపోనావా మావా?"

"ఆ గడి గీసేస్తే ఇంక ఆలోసించక్కర్లేదు కదరా! అందుకే గియ్యను."

తను ఫోర్‌మన్‌గా ఉన్న గోనె మిల్లులోనే నన్ను గుమస్తాగా పెట్టించాడు. ప్రమాదాల ఫారాలు నింపడం నా పని. ఆఖరి గడి 'తప్పెవరిది?' ఎవరో ఒకరి పేరు రాసేసి టీకి పోయేవాణ్ని.

అరవై ఎనిమిది వానాకాలంలో సూరయ్య నార నలిపే యంత్రాన్ని ఆపబోయి, ఆపే పిడి బదులు జోరు పెంచే పక్క పిడి లాగేశాడు. ఆగాల్సిన యంత్రం జోరెక్కింది. చక్రం పళ్లు ఎగిరిపోయాయి.

"వీణ్ని ఇవాళే పనిలోంచి తీసేస్తున్నాను. పేరు రాయవోయ్!" అని మేనేజరు నా మీద అరిచాడు.

సూరయ్య తలగుడ్డ నలుపుకుంటూ నిలబడ్డాడు. వాడి కూలి మీద ఇంట్లో ఆరుగురు బతకాలి. నేను కలం ఎత్తాను. చూద్దును కదా, మావ అప్పటికే మిల్లు నేలంతా గీసేస్తున్నాడు.

"ఏమిటయ్యా ఈ తొక్కుడుబిళ్ల?" అంటూ మేనేజరు గడులు దాటుకుంటూ వచ్చాడు.

"ఒక్క నిమిషం ఇక్కడ నిలబడండి బాబూ." తిరక్కుండా బెల్టు తీసేసిన ఆ యంత్రం ముందు ఆయన్ని నిలబెట్టి, వానల గురించి ఏదో చెబుతూ చెబుతూ మావ ఒక్కసారి కేక పెట్టాడు: "ఆపండి బాబూ, ఆపండి!"

మేనేజరు అదిరిపడి పిడి లాగాడు.

పక్క పిడి.

రెండూ ఒకే ఎత్తు, ఒకే నలుపు, ఒకే నునుపు.

"ఎవరి పేరు రాయమంటారు సార్?" అన్నాను. నా నోరు ఎప్పుడూ అంతే.

ఆపే పిడికి ఎర్రరంగు పూసి గోనెగుడ్డ చుట్టారు. మర్నాడు సూరయ్య మామూలుగా పనిలోకి వచ్చాడు. అప్పుడు తట్టింది నాకు: మావ గీసిన అన్ని బొమ్మల్లోనూ నేను ఒక్క మనిషి పేరూ చూడలేదు.

వారం తిరక్కుండా మావ నా బల్ల దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఒరే, నేడు పులుసులో ఉప్పు రెండుసార్లు పడిపోనాది. నాను గీస్తే మీ అత్త గరిటె విసిరేస్తాది. సాయంత్రం నువ్వొచ్చి గియ్యరా. జాడీ పెట్టు, పీట పెట్టు, కావాలంటే నా పేరు పెట్టు. మీ అత్త పేరు మాత్రం ఏ గడిలోనూ రాయకు."