మా అన్న వీధంతటికీ కనిపించిన మధ్యాహ్నం

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న ఆ ఏడాది మా బాపు మంచం మీద ఉన్నాడు. స్కూటర్ మీంచి పడి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేసి, మూడు నెలలు కాలు కింద పెట్టొద్దని దవాఖానలో చెప్పారు. నేను మానుకోటలోనే ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. సమ్మెతో బడి మూతపడి, ఇంట్లోనే ఉంటున్నాను.

రైళ్లు ఆపిన రోజు మా అన్న పట్టాల మీద ముందు వరుసలో కూర్చున్నాడు. పెళ్లిళ్లకు వీడియోలు తీసే అతని దోస్తు ఆ పొద్దంతా కెమెరా పట్టుకుని తిరిగి, తర్వాత ఒక డిస్కు చేసి ఇచ్చాడు.

"ఇంట్లనే చూసుకోన్రి. బయటికి పోనియ్యకు. మొఖాలన్నీ సాఫ్‌గ పడ్డయ్" అని నా ముందే అన్నకు చెప్పాడు. అప్పటికే పోలీసులు పట్టాల మీద కూర్చున్నవాళ్ల కోసం వాడకట్టు వాడకట్టూ తిరుగుతున్నారు.

డిస్కు సంగతి విన్నప్పటి నుంచి బాపుకు మనసు నిలవలేదు. "నేనెట్లాగూ పట్టాల మీదికి పోలేకపోయిన. బొమ్మలన్న సూపియ్యి బిడ్డా" అన్నాడు. డిస్కు వేసే ప్లేయరేమో ముందు గదిలో ఉంది. బాపు వెనక గదిలో. అక్కడున్న పాత టీవీకి ప్లేయర్ తీగలు పెట్టే రంధ్రాలే లేవు, కేబుల్ వైరు ఒక్కటే పడుతుంది. సైన్సు టీచర్ని కదా, నాకు పట్టుదల వచ్చింది. టీవీలు బాగుచేసే దుకాణం నుంచి ఒక చిన్న డబ్బా తెచ్చాను. ప్లేయర్‌లోని బొమ్మను అది ఒక చానెల్‌గా మార్చి, మామూలు కేబుల్ వైరులోకి పంపిస్తుంది. వీధి కేబుల్ మా ఇంట్లోకి వచ్చి ముందు గదికి, వంటింటికి, బాపు గదికి చీలే చోట ఆ డబ్బా వైరును కూడా కలిపేశాను. కేబుల్‌లో ఏమీ రాని ఒక నంబరు వెతికి దాని మీద పెట్టాను.

మధ్యాహ్నం అన్నాలవేళ డిస్కు వేశాను. మూడు గదుల్లో మూడు టీవీల మీద ఒకేసారి మా అన్న కనిపించాడు. తలకు తువ్వాల చుట్టుకుని, పక్కవాడి చేతిలోని రొట్టె తుంచుకుంటున్నాడు. "అగో, నా కొడుకు!" అని వెనక గదిలోంచి బాపు కేక. వంటింట్లో అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు గర్వంగా ఉంది.

అప్పుడే మేం ఖాలా అని పిలిచే పక్కింటామె ప్రహరీ మీంచి తొంగి చూసి పిలిచింది. "బేటీ! చానెళ్లు తిప్పుతుంటే మీ అన్న మా టీవీల వస్తున్నడు! గిదేం చానెల్?"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. డబ్బా నుంచి మా గదుల్లోకి పోవాల్సిన బొమ్మ, నేను విప్పకుండా వదిలేసిన వీధి కేబుల్ వైరు పట్టుకుని వీధిలోకి కూడా పోతోంది. పరుగెత్తి వైర్లు పీకేశాను.

"ఎప్పటిసంది వస్తుంది ఖాలా?"

"మేం తినుడు మొదలువెట్టిన కాడికెళ్లి చూస్తున్నం."

వీధి చివరింట్లో ఒక కానిస్టేబుల్ కిరాయికి ఉంటాడు.

అన్న కంచం ముందు నుంచి లేచాడు. అంగీ వేసుకుని, బండి తీసి, పెద్దవంగరలో మా మేనత్త ఇంటికని వెళ్లిపోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండుననిపించింది. అమ్మ తలుపు గొళ్లెం పెట్టింది. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఉండబట్టలేక గిన్నె ఒకటి పట్టుకుని, పెరుగు తోడు అడిగే వంకతో కానిస్టేబుల్ ఇంటికి వెళ్లాను. అతని భార్య తలుపు తీసింది. లోపల టీవీ మోగుతోంది.

"అక్కా, ఇందాక మీ టీవీల ఏమన్న..." అని ఆగిపోయాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "మా టీవీ ఖరాబై నాలుగు దినాలైతుంది చెల్లె" అంది. లోపల సబ్బు ప్రకటన పాట వస్తూనే ఉంది. ఇద్దరం అది వింటూ నిలబడ్డాం. ఆమె గిన్నెలో చెంచాడు పెరుగు వేసి, గొంతు తగ్గించి, "మీ అన్నను జర కొన్ని దినాలు చుట్టాలింటి కాడనే ఉండుమను" అంది.

మూడో రోజు జీపు వచ్చింది. ఆ కానిస్టేబుల్ కూడా అందులో ఉన్నాడు. ఇంటింటికీ తిరిగి అన్న గురించి అడిగారు. ఆ రోజు పట్టాల దగ్గర అతన్ని చూశారా అని కూడా అడిగారు. "నాకు కండ్లే సక్కగ కనబడయి సాబ్" అంది ఖాలా. వీధిలో ఒక్కరూ ఔననలేదు. కానిస్టేబుల్ జీపు పక్కన తల దించుకుని నిలబడ్డాడు. అతని ఇంట్లో మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

అన్న మీద కేసు పడలేదు. ఇరవై రోజులకు గడ్డం పెరిగి ఇంటికొచ్చాడు. కానీ ఆలోపే వీడియో తీసిన దోస్తును పోలీసులు తీసుకుపోయి రెండు రోజులు ఉంచుకున్నారు. వదిలేశాక వెళ్లి చూశాను. ఎడమ చెంప ఇంకా వాచే ఉంది. జరిగినదంతా దాచకుండా చెప్పాను, నా వల్లనే అయిందని ఏడ్చాను.

అతను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. "నీ వైరు సంగతి వాళ్లకు తెల్వనే తెల్వదు. కెమెరా పట్టుకొని తిరిగినోన్ని ఎవ్వలు గుర్తుపట్టరు?" అన్నాడు.

అది నిజమో, నా కోసం అన్నాడో ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం నాకు రాలేదు.